శిలలలో సృష్టిని చదివిన సన్యాసి: తెయార్ ద షార్దాఁ

1859లో చార్లెస్ డార్విన్ జీవజాతుల పుట్టుకను గూర్చిన తన గ్రంథాన్ని ప్రకటించిన నాటి నుండి క్రైస్తవ ప్రపంచాన్ని ఒక ప్రశ్న వెంటాడుతూనే ఉంది. నేడు కనిపించే ప్రాణులన్నీ పూర్వపు ప్రాణుల నుండి క్రమక్రమంగా మార్పు చెందుతూ వచ్చాయని ఆ గ్రంథం నిరూపించింది. 1871లో వెలువడిన మరొక గ్రంథంలో డార్విన్ మానవుని కూడా ఈ సూత్రానికే లోబరచాడు. దేవుడు నేలమట్టితో మానవుని రూపొందించి వాని నాసికారంధ్రాలలో జీవవాయువు ఊదినాడని ఆదికాండం చెబుతుంది. మరి వీటిలో ఒకటి సత్యమైతే రెండవది అసత్యం కావలసినదేనా? కొందరు విజ్ఞానాన్ని నిరాకరించి విశ్వాసాన్ని నిలుపుకొన్నారు. కొందరు విశ్వాసాన్ని విడిచి విజ్ఞానాన్ని చేపట్టారు. మరికొందరు ఈ రెండింటినీ రెండు గదులలో ఉంచి, నడిమి తలుపుకు తాళం వేసుకొని ప్రశాంతంగా జీవించారు. ఈ మూడు మార్గాలూ నచ్చక, ఆ తాళం తీయడానికే జీవితాన్ని ధారపోసిన మహనీయుడు పియెర్ తెయార్ ద షార్దాఁ. ఆయన ఏసు సభకు చెందిన గురువు. శిలాజాలను పరిశీలించే పురాజీవ శాస్త్రజ్ఞుడు. ఆ తాళం తీయబోయినందుకు ఆయన చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు.

ఫ్రాన్సు దేశపు నడిబొడ్డున ఓవెర్న్ అనే సీమ ఉంది. చల్లారిన అగ్నిపర్వతాలు అక్కడ వరుసగా నిలిచి ఉంటాయి. ఆ కొండల నీడలోని సార్సెనా అనే భవనంలో 1881 మే 1వ తేదీన తెయార్ జన్మించాడు. పదకొండుమంది సంతానంలో నాలుగవవాడు. తండ్రి ఇమ్మాన్యుయెల్ రాళ్లను, కీటకాలను, మొక్కలను సేకరించి పరిశీలించే అలవాటు గలవాడు. తల్లి బెర్త్ మహా భక్తురాలు. మతాచార్యులను జీవితాంతం ఎత్తిపొడిచిన వోల్టేరు ఆమెకు పూర్వబంధువు కావడం ఒక విచిత్రం. తండ్రి నుండి మట్టి మీద ప్రేమ, తల్లి నుండి దేవుని మీద ప్రేమ ఆ బాలునికి సంక్రమించాయి.

ఆరేడేండ్ల వయస్సులో ఆ బాలుడు ఇనుప ముక్కలను రహస్యంగా సేకరించి దాచుకొనేవాడు. లోకంలో చెడిపోనిది, కరిగిపోనిది ఏదో ఉండాలని వాని తపన. ఇనుమే ఆ శాశ్వత వస్తువని నమ్మాడు. కాని ఒకనాడు ఆ ఇనుముకు తుప్పు పట్టడం చూచి గుండె పగిలి ఏడ్చాడు. పిదప గట్టి రాళ్ల వైపు మనస్సు మళ్లించుకొన్నాడు. నశించే ప్రపంచంలో నశించనిదానికై సాగించిన ఈ అన్వేషణ ఆయనను చివరి వరకు విడిచిపెట్టలేదు.

1899లో, 18 ఏండ్లు నిండక ముందే, తెయార్ ఏసు సభలో చేరాడు. ఆనాటి ఫ్రెంచి ప్రభుత్వం మఠాలపై కఠిన శాసనాలు చేయడంతో విద్యార్థులు ఆంగ్లేయుల పాలనలోని జెర్సీ దీవికి తరలిపోవలసి వచ్చింది. అక్కడ ఆయనకు మొదటి సంకటం ఎదురైంది. దేవుని సేవకు అంకితమైనవాడు రాళ్లపై మమకారం పెంచుకోవడం తగునా? భూగర్భ శాస్త్రాన్ని పూర్తిగా వదలుకోవాలని ఆయన ఒక దశలో నిశ్చయించుకొన్నాడు. అయితే ఆయన ఆధ్యాత్మిక గురువు వారించాడు. ప్రకృతిదత్తమైన ప్రతిభను వికసింపజేసుకోవడం కూడా దైవసేవయే అని ఆ గురువు బోధించాడు. ఆ ఉపదేశమే లేకుంటే విజ్ఞాన ప్రపంచానికి తెయార్ లభించి ఉండేవాడు కాదు. 1905 నుండి 1908 వరకు కైరో నగరంలో ఏసు సభవారి కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించాడు. సెలవులు వస్తే ఈజిప్టు ఎడారులలో శిలాజాలు ఏరుతూ తిరిగేవాడు.

1908లో వేదాంత విద్యాభ్యాసానికై ఇంగ్లాండులోని హేస్టింగ్స్ చేరాడు. 1911లో గురుపట్టాభిషేకం పొందాడు. ఆయన అక్కడ చదువుతున్న కాలంలోనే, 1909లో, రోములోని బైబిలు వ్యవహారాల సంఘం ఆదికాండపు తొలి అధ్యాయాలను గూర్చి ఒక తీర్మానం వెలువరించింది. సృష్టి దినాలను ఇరువదినాలుగు గంటల దినాలుగానే గ్రహించనక్కరలేదని ఆ సంఘం ఒప్పుకొన్నది. కాని మానవుని ప్రత్యేక సృష్టి, మానవజాతి ఏకత్వం, ఆది దంపతుల పతనం అనే వాటి చారిత్రక సత్యాన్ని శంకించరాదని శాసించింది. ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. ఆరు దినాల లెక్క వివేకవంతులైన క్రైస్తవ పండితులకు ఏనాడూ పెద్ద అడ్డంకి కాలేదు. ఆదికాండాన్ని ప్రకృతి శాస్త్ర గ్రంథంగా చదివి అవిశ్వాసుల ముందు నవ్వులపాలు కారాదని ఐదవ శతాబ్దంలోనే అగస్తీను హెచ్చరించాడు. అసలు ముడి ఆదాము కథలో ఉంది.

హేస్టింగ్స్‌లో ఉండగానే తెయార్, ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1907లో ప్రచురించిన సృజనాత్మక పరిణామ గ్రంథాన్ని చదివాడు. అంతకుముందు ప్రపంచం ఆయనకు స్థిరమైన కట్టడంలా కనిపించేది. ఇప్పుడది ఇంకా పుడుతూ ఉన్న బిడ్డవలె తోచింది. పరిణామం జీవశాస్త్రంలోని అనేక సిద్ధాంతాలలో ఒకటి మాత్రమే కాదని, తక్కిన జ్ఞానమంతా దాని వెలుగులోనే నిలబడాలని ఆయన నిశ్చయించుకొన్నాడు.

1912లో పారిస్ ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనశాలలో మార్సెలిన్ బూల్ అనే ప్రసిద్ధ పండితుని వద్ద శిష్యరికం ఆరంభించాడు. మరుసటి ఏడు ఇంగ్లాండులోని పిల్ట్‌డౌన్ తవ్వకాలలో ఆదిమానవునిదిగా భావింపబడిన ఒక కోరపన్ను ఆయనకు దొరికింది. పిల్ట్‌డౌన్ మానవుడు వట్టి కూటసృష్టి అని 1953లో బయటపడింది. తెయార్ కూడా ఆ కుట్రలో భాగస్వామి అని కొందరు ఆరోపించారు. అయితే 2016లో వెలువడిన శాస్త్రీయ పరిశోధన ఆ పని తవ్వకాలను ఆరంభించిన చార్లెస్ డాసన్ ఒక్కడిదే అయి ఉంటుందని తేల్చింది. యువ గురువు మోసపోయినవాడే కాని మోసగాడు కాడని నేటి పండితులలో పలువురి అభిప్రాయం.

అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తెయార్ సైన్యంలో చేరి, తుపాకి పట్టక, క్షతగాత్రులను మోసే పని స్వీకరించాడు. ఆయన చేరిన పటాలంలో ఉత్తర ఆఫ్రికాకు చెందిన ముస్లిం సైనికులు ఎక్కువ. వెర్డన్ వంటి ఘోర రణరంగాలలో గుండ్లవాన మధ్య పాకుతూ పోయి, మతభేదం చూడక, కొనప్రాణంతో ఉన్నవారిని భుజాన వేసుకొని తెచ్చేవాడు. ఆ సైనికులు ఆయనను సీదీ మరాబు అని పిలుచుకొన్నారు. మరాబు అనగా వారి దేశంలో ప్రజలు భక్తితో కొలిచే సాధుపురుషుడు. మన ప్రాంతంలో ఔలియా వంటివాడు. ఒక క్రైస్తవ గురువుకు ముస్లిం యోధులు ఇచ్చిన ఆ బిరుదు, ప్రభుత్వం ఇచ్చిన శౌర్యపతకం కంటె గొప్పదని చెప్పాలి. ఇద్దరు సోదరులు ఆ యుద్ధంలోనే మరణించారు. ఇంతటి మృత్యువును కన్నులారా చూచినవాడు జీవం మీద, దాని భవిష్యత్తు మీద విశ్వాసం కోల్పోకపోవడం ఆశ్చర్యకరం. ఆయన తొలి తాత్త్విక వ్యాసాలు ఆ యుద్ధభూమిలోనే పుట్టాయి.

1922లో పురాతన క్షీరదాలపై వ్రాసిన పరిశోధన గ్రంథానికి సోర్బాన్ విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది. అప్పటికే ఆయన పారిస్ కాథలిక్ విద్యాసంస్థలో భూగర్భ శాస్త్రం బోధిస్తున్నాడు. విద్యార్థులు ఆయన ఉపన్యాసాలను ఎంతో ఆదరించారు. సరిగ్గా ఆ సమయంలో తోటి వేదాంతి ఒకరి కోరికపై, జన్మపాపాన్ని గూర్చి కొన్ని పుటల వ్యాసం వ్రాసి ఇచ్చాడు. అది ప్రచురణకు ఉద్దేశించినది కాదు. ఆ కొద్ది పుటలే ఆయన జీవితగతిని మార్చివేశాయి.

ఆ వ్యాసంలోని చిక్కును మనం అర్థం చేసుకోవాలి. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో, ఒక మనిషి ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకంలో ప్రవేశించాయని, మరొక మనిషియైన క్రీస్తు ద్వారా రక్షణ లభించిందని చెబుతాడు. ఆదాము, క్రీస్తు అనే ఈ రెండు స్తంభాల మీద క్రైస్తవ రక్షణ సిద్ధాంతం ఆధారపడి ఉంది. కాని శిలాజాలు చెప్పే సాక్ష్యం వేరు. మనిషి పుట్టడానికి కోట్ల సంవత్సరాల ముందే మరణం ఉంది. ప్రాణి ప్రాణిని తినడం ఉంది. జాతులకు జాతులే తుడిచిపెట్టుకుపోయాయి. ఏ పొరలోనూ మరణం లేని తోట కనిపించదు. మానవజాతి ఒకే జంట నుండి కాక ఒక సమూహం నుండి ఉద్భవించిందని జీవశాస్త్రం భావిస్తుంది. నేటి జన్యుశాస్త్రం ఈ అభిప్రాయాన్ని మరింత బలపరచింది. అట్లయితే పతనం ఎప్పుడు జరిగింది? ఎవరి వలన జరిగింది? జన్మపాపాన్ని ఒకనాటి సంఘటనగా కాక, అసంపూర్ణమైన సృష్టి సంపూర్ణత వైపు నడిచే దారిలో తప్పనిసరిగా అంటిపెట్టుకొని ఉండే లోపంగా గ్రహించవచ్చునా అని తెయార్ ఆలోచించాడు. పతనాన్ని గతంలో వెదకడం కంటె, క్రీస్తును భవిష్యత్తులో చూడడం మేలని ఆయన భావన.

1924లో ఆ వ్యాసం ఎట్లో రోము అధికారుల చేతికి చిక్కింది. వారి ఆందోళన కూడా అకారణం కాదు. పాపం సృష్టిలోనే అంతర్భాగమైతే, దానికి బాధ్యుడు మనిషియా, దేవుడా? మానవుని స్వేచ్ఛకు విలువ ఏమి? ఇవి కొట్టివేయదగిన ప్రశ్నలు కావు. కాని వారు చర్చను ఎన్నుకోలేదు; మౌనాన్ని విధించారు. కొన్ని ప్రతిపాదనలపై సంతకం చేయాలని, పారిస్‌లో బోధన విరమించాలని, వేదాంతం జోలికి పోక కేవలం విజ్ఞాన పరిశోధన చేసుకోవాలని పైవారు 1925లో ఆదేశించారు. సభను విడిచి వెళ్లమని సలహా ఇచ్చిన మిత్రులు లేకపోలేదు. తెయార్ తీవ్ర వేదన అనుభవించాడు. తాను వెళ్లిపోతే, విశ్వాసం ఉన్నవాడు పరిణామాన్ని అంగీకరించలేడన్న అపవాదును తానే నిజం చేసినట్లవుతుందని తలపోశాడు. చివరకు సంతకం చేసి, 1926లో చైనాకు ఓడ ఎక్కాడు.

చైనా ఆయనకు క్రొత్త కాదు. 1923లోనే తియెన్‌ట్సిన్ నగరంలోని ఎమిల్ లిసాఁ అనే తోటి గురువుతో కలసి ఓర్డోస్ ఎడారిలో పాతరాతియుగపు పనిముట్లు త్రవ్వి తీశాడు. ఆ యాత్రలో ఒకనాడు దివ్యబలిపూజ చేయడానికి అప్పం గాని, ద్రాక్షారసం గాని లభించలేదు. ఉదయసూర్యుని ముందు భూమండలాన్నే బలిపీఠంగా భావించి, ఆనాడు లోకంలో జరుగబోయే శ్రమను అప్పంగాను, కలుగబోయే బాధను ద్రాక్షారసంగాను దేవునికి అర్పించాడు. ఆ అనుభవం నుండి పుట్టిన ప్రార్థన ఆయన రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది.

శిక్షగా పంపిన దేశమే ఆయనకు కీర్తి తెచ్చింది. పెకింగ్ సమీపాన చౌకౌటియెన్ గుహలలో కెనడా శాస్త్రజ్ఞుడు డేవిడ్‌సన్ బ్లాక్ నాయకత్వాన త్రవ్వకాలు సాగుతున్నాయి. 1929 డిసెంబరు 2న పెయ్ వెన్‌చుంగ్ అనే చైనా యువశాస్త్రజ్ఞుడు లక్షల ఏండ్లనాటి మానవ కపాలాన్ని వెలికితీశాడు. అదే పెకింగ్ మానవుడు. అక్కడి భూపొరల కాలనిర్ణయంలో, జంతు శిలాజాల పరిశీలనలో తెయార్ ముఖ్యపాత్ర వహించాడు. అక్కడి ఆదిమానవులు రాతి పనిముట్లు చేసుకొన్నవారని నిర్ధారించిన వారిలో ఆయన ఒకడు. దైవాన్ని నమ్మేవాడు మానవుని ప్రాచీన ఎముకలకు భయపడడం ఆయనకు అర్థం కాని విషయం. ఆ కపాలం ఆయన చేతిలో ఉన్నప్పుడు, సృష్టికర్త ఎంత ఓర్పుతో మనిషిని రూపొందించాడో అన్న విస్మయమే ఆయనకు కలిగేది.

1935లో ఆయన మన దేశానికి వచ్చాడు. హెల్మట్ డి టెర్రా నాయకత్వంలోని శాస్త్రజ్ఞుల బృందంతో కలసి కాశ్మీరులోను, పంజాబు ఉప్పుకొండల ప్రాంతంలోను, నర్మదా లోయలోను సంచరించి, అక్కడి భూపొరలను పరిశీలించాడు. ఆ నర్మదా లోయలోనే హథ్నోరా వద్ద 1982లో అరుణ్ సోనాకియా ప్రాచీన మానవుని కపాలభాగాన్ని కనుగొన్నాడు. భారతదేశంలో లభించిన అట్టి కపాలాలలో అదే మొదటిది.

1938 నుండి 1940 వరకు పెకింగ్‌లో కూర్చుండి తెయార్ తన ప్రధాన గ్రంథాన్ని పూర్తిచేశాడు. దానికి మానవ దృగ్విషయం అని పేరు. అందలి సారాంశం ఇది. పదార్థం తన చరిత్రలో అంతకంతకు జటిలమైన నిర్మాణాలను పొందుతూ వచ్చింది. అణువుల నుండి కణం, కణం నుండి ప్రాణి, ప్రాణి నుండి మెదడు. నిర్మాణం ఎంత జటిలమైతే లోపలి చైతన్యం అంతగా వికసిస్తుంది. మొదట భూగోళం, దానిపై జీవావరణం, మానవునితో ఆలోచనల ఆవరణం ఏర్పడ్డాయి. మానవజాతి ఆలోచనలు ఒకదానితో ఒకటి అల్లుకొంటూ, చివరకు ఒక పరమ కేంద్రంలో కలుస్తాయి. ఆ కేంద్రానికి ఒమేగా బిందువని పేరు పెట్టాడు. క్రైస్తవులు ఆరాధించే క్రీస్తే ఆ బిందువని ఆయన విశ్వాసం. అనగా దేవుడు సృష్టిని వెనుక నుండి నెట్టేవాడు మాత్రమే కాదు, ముందు నిలిచి ప్రేమతో తన వైపు ఆకర్షించేవాడు. చిన్ననాడు ఇనుములో వెదకిన శాశ్వతత్వం ఆయనకు ఈ విధంగా లభించింది.

ఆ గ్రంథ ప్రచురణకు 1944లో అనుమతి నిరాకరింపబడింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత 1946లో స్వదేశం చేరాడు. ఫ్రాన్సులో అత్యున్నత విద్యాపీఠమైన కాలేజ్ ద ఫ్రాన్స్ ఆచార్య పదవి ఆయన ముందుకు వచ్చింది. 1948లో స్వయంగా రోముకు వెళ్లి, గ్రంథ ప్రచురణకు, ఆ పదవీ స్వీకారానికి అనుమతి వేడుకొన్నాడు. రెండూ లభించలేదు. 1950లో పన్నెండవ పయస్ పోపు ప్రకటించిన విశ్వలేఖ ఒక తలుపు తెరచి మరొకటి మూసింది. మానవ శరీరం పూర్వజీవుల నుండి పరిణమించిందా అనే విషయాన్ని విద్వాంసులు పరిశోధించవచ్చునని ఒప్పుకొన్నది. ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడని, మానవజాతికి అనేకమంది ఆదిపురుషులు ఉన్నారనే అభిప్రాయం జన్మపాప సిద్ధాంతంతో పొసగడం కనిపించదని చెప్పింది. అదే ఏడు ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. ఒక చేత్తో లోకం పూలమాల వేస్తుండగా, మరొక చేత్తో సొంత ఇల్లు నోరు మూయడం ఆయన అదృష్టమో, దురదృష్టమో!

1951లో న్యూయార్కు చేరి, ఒక మానవశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేశాడు. ఆదిమానవుని ఆనవాళ్లకై దక్షిణ ఆఫ్రికాకు రెండు పర్యాయాలు వెళ్లాడు. బయలుదేరే ముందు తన వ్రాతప్రతుల హక్కులను జాన్ మోర్తియే అనే తన కార్యదర్శికి అప్పగించాడు. ఆజ్ఞను మీరి బ్రతికి ఉండగా ప్రచురించలేదు. అట్లని తన భావాలను నిప్పులోనూ వేయలేదు. 1955 ఏప్రిల్ 10న, క్రీస్తు పునరుత్థాన పండుగనాడు, న్యూయార్కులో మిత్రుల ఇంట హఠాత్తుగా కుప్పకూలి కన్నుమూశాడు. అంత్యక్రియలకు వచ్చినవారు అతి కొద్దిమంది. హడ్సన్ నది ఒడ్డున ఏసు సభవారి మఠం శ్మశానంలో ఆయనను సమాధి చేశారు. ఆ మఠ భవనాలు తరువాత ఒక పాకశాస్త్ర విద్యాలయానికి నిలయమైనాయి. సమాధి మాత్రం అక్కడే ఉన్నది.

అదే ఏడు మానవ దృగ్విషయం అచ్చయింది. 1959లో వెలువడిన ఆంగ్లానువాదానికి నాస్తికుడైన జూలియన్ హక్స్లీ పీఠిక వ్రాయడం విశేషం. 1962లో రోము పీఠం తెయార్ రచనలలో తీవ్రమైన పొరపాట్లు ఉన్నాయని హెచ్చరించింది. విజ్ఞాన రంగం కూడా ఆయనను వదలలేదు. 1961లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పీటర్ మెడవార్ ఆ గ్రంథాన్ని నిర్దాక్షిణ్యంగా ఖండించాడు. ప్రకృతి వరణానికి ముందుచూపు లేదు, నిర్ణీత గమ్యం లేదు. పరిణామానికి ఒక దిశ ఉందని చెప్పడం కవిత్వమే కాని విజ్ఞానం కాదని శాస్త్రజ్ఞుల ఆక్షేపణ. ఈ ఆక్షేపణలో బలం ఉంది. తెయార్ తన విశ్వాసం వలన చూచినదాన్ని శిలాజాలలో చూచినట్లు కొన్నిచోట్ల వ్రాశాడు. కోట్ల ప్రాణుల వేదనకు ఆయన ఇచ్చిన సమాధానం కూడా అందరికీ తృప్తి కలిగించదు.

అయితే ఆయన నడిచిన బాట మూసుకుపోలేదు. ఆధునిక పరిణామ శాస్త్ర నిర్మాతలలో ఒకడు, ప్రాచ్య క్రైస్తవ సంప్రదాయంలో పెరిగినవాడు అయిన థియోడోసియస్ డోబ్జాన్‌స్కీ, తెయార్ పేర వెలసిన అమెరికా సంఘానికి అధ్యక్షుడుగా వ్యవహరించాడు. పరిణామాన్ని కాదంటే జీవశాస్త్రానికి అర్థమే లేదని 1973లో వాదించిన ఆయనే, తాను సృష్టినీ నమ్ముతానని ప్రకటించాడు. 1996లో పోపు రెండవ జాన్ పాల్, పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ స్థాయిని దాటినదని అంగీకరించాడు. 2015లో పోపు ఫ్రాన్సిస్ భూసంరక్షణపై వెలువరించిన విశ్వలేఖలో తెయార్ కృషిని స్మరించాడు. ఈ స్మరణ హెచ్చరించిన పీఠం నుండే వచ్చింది.

క్రైస్తవ విశ్వాసానికి, పరిణామ విజ్ఞానానికి పొత్తు కుదురునా అని అడిగేవారికి తెయార్ జీవితం ఇచ్చే జవాబు సూటిగా అవునని గాని, కాదని గాని ఉండదు. దేవుడు సృష్టికర్త అనే విశ్వాసానికి, ఆ సృష్టి దీర్ఘకాల పరిణామంగా సాగిందనే సత్యానికి వైరం లేదని ఆ జీవితం చూపుతుంది. ఆదాము, పాపం, మరణం అనే ముడి మాత్రం నేటికీ పూర్తిగా విడిపోలేదని కూడా అదే చూపుతుంది. విశ్వాసం శిలల సాక్ష్యాన్ని దాచరాదు. విజ్ఞానం తన చూపు అందని గమ్యాన్ని కొలిచానని చెప్పరాదు. మొదటి నియమాన్ని తెయార్ ప్రాణప్రదంగా పాటించాడు. రెండవదానిని అప్పుడప్పుడు మరచాడు. విద్యార్థులు ఆయన నుండి నేర్వదగినది ఆయన సిద్ధాంతం కంటె ఆయన నిజాయితీ. సుత్తి పట్టిన చేత్తోనే జపమాల పట్టి, ఏ చేతినీ రెండవ చేతికి శత్రువును చేయక, ముప్పది ఏండ్లు ప్రవాసంలోను, మౌనంలోను ఓర్పుతో నిలిచాడు. సత్యం ఒక్కటే అయితే దానికి రెండు తలుపులు ఉండవచ్చు. రెండు ఇండ్లు ఉండవు. ఆ నమ్మకంతో జీవించిన తెయార్ ద షార్దాఁ స్మృతి విశ్వాసికీ, విజ్ఞానికీ సమానంగా ఆదరణీయం.